సరిహద్దు దాటే లైనుకి డీపీఆర్: ఆఖరి టవర్ నుంచి వెనక్కి రండి

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. చెన్నై గిండీలో ఒక కన్సల్టెన్సీలో మూడేళ్ళుగా టవర్ డిజైన్ చేస్తున్నారు. ఇప్పుడు మిమ్మల్ని పొరుగు దేశానికి వెళ్ళే 400 కేవీ లైను ప్రిపరేషన్ టీమ్‌లో వేశారు. అవతలి భాగానికి డెవలప్‌మెంట్ బ్యాంకు అప్పు ఇస్తుంది. ఇవతలి భాగం మన దేశపు కంపెనీ తన సొంత ఏర్పాటుతో కడుతుంది. "బ్యాంకు రూల్సు వాళ్ళకి, మనకెందుకు? సరిహద్దు దాకా మన డీపీఆర్ (వివరమైన ప్రాజెక్టు నివేదిక) ఇచ్చేస్తే పనైపోయింది" అని మీ టీమ్ లీడర్ అంటున్నారు. అది సరైనదేనా, ఇలాంటి పనిలో ముందు దేని మీద దృష్టి పెట్టాలి అని అడిగారు.

సరైనది కాదు. ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట రూట్ సర్వే, తర్వాత చాలాకాలం భూమి, పరిహారం, ఇప్పుడు చెన్నైలో కూర్చుని ఇతరుల రిపోర్టులు పరిశీలించడం. నేను చూసిన పెద్ద పెద్ద ఆలస్యాలు ఏ దేశం నడిమధ్యలోనూ పుట్టలేదు, రెండు సగాలు కలిసే చోట పుట్టాయి. రెండు దేశాలూ తమ సగాన్ని శ్రద్ధగానే తయారుచేస్తాయి. ఆ అతుకు మాత్రం ఎవరి టీఓఆర్‌లోనూ (అప్పగించిన పని పరిధి రాసే పత్రంలో) ఉండదు. అందుకే కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ నేను ముందుగా చెప్పేది, సబ్‌స్టేషన్ దగ్గర మొదలుపెట్టి సరిహద్దు దగ్గర ఆపకండి, సరిహద్దు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి అని.

చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళకి దీనికి ఉదాహరణ దూరంగా ఎక్కడో వెతకాల్సిన పనిలేదు. మాది వెంకటగిరి వైపు. కండలేరు నుంచి పూండికి వెళ్ళే తెలుగుగంగ కాలువ ఆ ప్రాంతం మీదుగానే పోతుంది. అది దేశాల మధ్య కాదు, రాష్ట్రాల మధ్య. అయినా పాఠం ఒకటే. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ కృష్ణా వాటాలోంచి తలా 5 టీఎంసీలు ఇవ్వాలి. దారిలో 3 టీఎంసీలు ఆవిరికీ ఇంకుడికీ పోతాయి. 12 టీఎంసీలు తమిళనాడు సరిహద్దుకి చేరాలి. 1983లో ఒప్పందం కుదిరింది, 1996లో నీళ్ళు వచ్చాయి. ఊత్తుకోట దగ్గర జీరో పాయింట్‌లో కొలుస్తారు. దారిలో ఎంత పోతుంది, ఎంత చేరాలి అన్నది ముందే కాగితం మీద పెట్టుకున్నారు. అది చాలా మంచి పని. అయినా కాలువకి సరైన లైనింగ్ లేక, దారిపొడుగునా పొలాలవాళ్ళు నీళ్ళు తోడుకుని, మొదటి ఏళ్ళలో జీరో పాయింట్‌కి చేరింది చాలా తక్కువ. సత్యసాయి ట్రస్టు కాలువ బాగుచేయించాకే నీటి రాక మెరుగుపడింది. "మన మడి ఎండుతుంటే మన పక్కనుంచే పోతున్నాయిరా నీళ్ళు" అని మా నాన్న కాలువగట్టు మీద నిలబడి అనడం నాకు బాగా గుర్తు. ఆ కాలువకి ఈ చివర, చెన్నై కుళాయి దగ్గర ఇప్పుడు నేనున్నాను. ఒకే కాలువ ఈ కొసన ఒకలాగా ఆ కొసన ఒకలాగా కనిపిస్తుంది. మీ లైను కూడా అంతే.

ఇక మీ టీమ్ లీడర్ గారి మాట సంగతి. ప్రపంచ బ్యాంకు పర్యావరణ, సామాజిక ఫ్రేమ్‌వర్క్ 2018 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. అందులో "అసోసియేటెడ్ ఫెసిలిటీ" అనే మాట ఉంటుంది. బ్యాంకు డబ్బు పెట్టకపోయినా సరే, ఒక నిర్మాణానికి ప్రాజెక్టుతో నేరుగా సంబంధం ఉండి, అది అదే కాలంలో జరుగుతూ, అది లేకపోతే ప్రాజెక్టు నిలబడదు అనుకుంటే దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) 2009 సేఫ్‌గార్డ్ విధానంలోనూ ఇదే ఆలోచన ఉంది. ఇప్పుడు మీ లైనునే చూడండి. అవతలి దేశంలో బ్యాంకు డబ్బుతో కట్టిన టవర్లన్నీ మీ వైపు లైను లేకపోతే ఇనుప కమ్ములే. అంటే మీ భాగం వాళ్ళకి అసోసియేటెడ్ ఫెసిలిటీ అవుతుంది. అప్పు తీసుకునే దేశానికి మీ మీద ఎంత పట్టు ఉంటుందన్నది వేరే ప్రశ్న, రూల్సులో ఆ పరిమితిని ఒప్పుకున్నారు కూడా. కానీ బ్యాంకు మిషన్ (పరిశీలన బృందం) వచ్చినప్పుడు ఆ దేశంవాళ్ళని "ఇండియా వైపు రూటులో అడవి ఉందా, ఇళ్ళు ఉన్నాయా, పరిహారం ఎలా ఇస్తున్నారు?" అని తప్పకుండా అడుగుతారు. వాళ్ళు మీకు ఉత్తరం రాస్తారు. అప్పుడు మీ దగ్గర సమాధానం సిద్ధంగా లేకపోతే అప్రైజల్, అంటే అప్పు ఇచ్చేముందు బ్యాంకు చేసే మదింపు, అక్కడే ఆగుతుంది. మీరు సంతకం పెట్టని అప్పు మీ కాగితం కోసం ఆగుతుంది.

అతుకు దగ్గర ఏం జరుగుతుందో చూడాలంటే ముజఫర్‌పూర్ - ఢల్కేబర్ లైను కథ చదవండి. బీహార్ నుంచి నేపాల్‌కి వెళ్ళే 400 కేవీ లైను ఇది. 2016 ఫిబ్రవరిలో రెండు దేశాల ప్రధానులు ప్రారంభించారు. కానీ మొదట కరెంటు వెళ్ళింది 132 కేవీలో, అదీ 80 మెగావాట్లు. లైను సిద్ధంగా ఉంది, ఢల్కేబర్‌లో ఆ వోల్టేజీకి తగ్గ సబ్‌స్టేషన్ సిద్ధంగా లేదు. పూర్తి 400 కేవీకి రావడానికి ఇంకా నాలుగేళ్ళకి పైగా పట్టింది. ఇందులో ఎవరినీ తప్పుపట్టాలని చెప్పడం లేదు. చీకట్లో ఉన్న దేశానికి ఆ 80 మెగావాట్లు కూడా పెద్ద ఊరట. కానీ షెడ్యూలు వేసేటప్పుడు మీ బార్‌చార్టులో అవతలి సబ్‌స్టేషన్ బే (లైను వచ్చి కలిసే చోటు) పూర్తయ్యే తేదీ ఒక గీతగా ఉందా లేదా? ఉంటే ఆ తేదీ ఎవరు చెప్పారు, దాని బిడ్లు పిలిచారా, కాంట్రాక్టు ఇచ్చారా? ఈ ప్రశ్నలు అడగకుండా వేసిన షెడ్యూలు మీ ఆఫీసు గోడకి పనికొస్తుంది, అంతే.

ఇంజనీరుగా మీకు దగ్గరగా ఉండే విషయం ఇప్పుడు చెప్తాను. నా మొదటి సరిహద్దు ప్రాజెక్టులో, రెండు కన్సల్టెంట్ల అలైన్‌మెంట్లు (లైను పోయే దారి గీతలు) విడివిడిగా చాలా చక్కగా ఉన్నాయి. నెలల తర్వాత ఎవరో రెండింటినీ ఒకే మ్యాపు మీద వేశారు. సరిహద్దు దగ్గర రెండు గీతల మధ్య దాదాపు 200 మీటర్ల ఎడం వచ్చింది. ఒకరు పాత ఎవరెస్ట్ డేటమ్ (మ్యాపు మీద స్థానాలు లెక్కించడానికి తీసుకునే ఆధారం) మీద గీసిన టోపోషీట్లు వాడారు, మరొకరు జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 డేటమ్‌లో సర్వే చేశారు. ఎవరి లెక్కా తప్పు కాదు. కానీ మా చివరి టవర్ ఒక రైతు మామిడి తోటలో పడింది, తోట మేం అప్పటికే వేరే కుటుంబం పేరు మీద లెక్క రాసేశాం. ఆ కుటుంబాన్ని కూర్చోబెట్టి పరిహారం వస్తుందని చెప్పి, తర్వాత మళ్ళీ వెళ్ళి రాదని చెప్పాల్సి వచ్చింది. వాళ్ళ ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే. కాబట్టి మొదటి వారంలోనే అవతలివాళ్ళతో డేటమ్, ప్రొజెక్షన్, ఎత్తుల బెంచ్‌మార్కు ఒప్పందం చేసుకుని సంతకాలు తీసుకోండి.

అక్కడినుంచి ఆఖరి స్పాన్‌కి, అంటే సరిహద్దుకి చెరోవైపు ఉన్న రెండు టవర్ల మధ్య దూరానికి, రండి. నేపాల్ సరిహద్దులో గీతకి ఇరువైపులా పది గజాల చొప్పున దశగజా అనే పట్టీ ఉంటుంది, అందులో ఏమీ కట్టకూడదు. అంటే వైరు ఆ పట్టీని ఒకే స్పాన్‌లో దాటాలి. ఆ స్పాన్‌లో కండక్టరు (కరెంటు మోసే వైరు) ఎవరిది? రెండు వైపులా ఒకే రకం కండక్టరేనా, ఒకే టెన్షన్‌కి డిజైన్ చేశారా? ఓపీజీడబ్ల్యూలో (టవర్ల పైన పోయే, ఆప్టికల్ ఫైబర్ ఉన్న ఎర్త్ వైరులో) రెండు వైపులా ఫైబర్లు ఎన్ని, జాయింట్ బాక్స్ ఏ టవర్ మీద? స్ట్రింగింగ్ (వైరు లాగే) రోజు ఏ కాంట్రాక్టరు మనుషులు గీత దాటతారు, సరిహద్దు దళం అనుమతి ఎవరు తెస్తారు? ఫేజ్ సీక్వెన్సు (మూడు ఫేజుల వరస) ఎవరు సరిచూస్తారు? ఇవన్నీ చిన్న ప్రశ్నలే. కానీ ప్రతి ఒక్కటీ ఏదో ఒక ప్రాజెక్టులో నెలలు తినేసింది. లోపం వస్తే లైనుని ఆపించే పరికరాలైన రిలేల సంగతి మరీ ముఖ్యం. లైన్ డిఫరెన్షియల్ ప్రొటెక్షన్‌లో (రెండు చివరల కరెంటుని పోల్చి చూసే రక్షణలో) రెండు చివరల రిలేలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి, మామూలుగా అందుకు రెండూ ఒకే కంపెనీవి కావాలి. రెండు దేశాలు వేర్వేరుగా బిడ్లు పిలిస్తే రెండు కంపెనీలవి వస్తాయి. బ్యాంకు ప్రొక్యూర్‌మెంట్ రూల్సు ప్రకారం బిడ్ డాక్యుమెంట్‌లో ఒక బ్రాండు పేరు రాసి కొనడం కుదరదు. అందుకని డీపీఆర్ దశలోనే, రెండు చివరల రిలేలూ ఒకే ప్యాకేజీలో ఎవరో ఒకరు కొని ఇచ్చేలా ఒప్పందం పెట్టుకోవాలి. బిడ్లు తెరిచాక ఇది గుర్తొస్తే దారి ఉండదు.

బంగ్లాదేశ్ వైపు అయితే ఇంకో మెట్టు ముందే ఆలోచించాలి. మన గ్రిడ్డూ వాళ్ళ గ్రిడ్డూ రెండూ 50 హెర్ట్జే, కానీ సింక్రనైజ్ కాలేదు, అంటే ఒకే లయలో నడవవు. అందుకే పశ్చిమ బెంగాల్‌లోని బహరంపూర్ నుంచి బంగ్లాదేశ్‌లోని భేరామారాకి వెళ్ళే లింకుకి భేరామారాలో 500 మెగావాట్ల బ్యాక్ టు బ్యాక్ హెచ్‌వీడీసీ స్టేషన్ (ఏసీ కరెంటుని డీసీగా మార్చి, అక్కడే మళ్ళీ ఏసీ చేసేది) కట్టారు. బంగ్లాదేశ్ భాగానికి ఏడీబీ అప్పు, మన భాగం కేంద్ర ప్రభుత్వ కంపెనీ పవర్‌గ్రిడ్ కట్టింది, 2013 అక్టోబరులో మొదలైంది. 2018లో ఇంకో 500 చేరింది. ఒక గ్రిడ్డులో కుదుపు వస్తే రెండోదాన్ని లాగెయ్యకుండా ఆ స్టేషన్ అడ్డుగా నిలుస్తుంది. మీ ప్రాజెక్టుకి వాళ్ళ ఏర్పాటే చాలా దగ్గరి పోలిక, అప్పు ఒకవైపు, పని రెండువైపులా.

ఇప్పుడు నాకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న విషయం, భూమీ మనుషులూ. మన దేశంలో లైను కోసం భూమిని సేకరించరు. పాత టెలిగ్రాఫ్ చట్టం కాలంనుంచి వస్తున్న పద్ధతిలో, భూమి రైతు పేరు మీదే ఉంటుంది, నష్టానికి పరిహారం ఇస్తారు. 2015 మార్గదర్శకాల్లో టవర్ కాళ్ళ కింద పోయే నేలకి భూమి విలువలో 85 శాతం, వైర్ల కింది కారిడార్‌కి 15 శాతం దాకా అన్నారు. 2024లో కేంద్రం దాన్ని టవర్ కింద 200 శాతం, కారిడార్‌కి 30 శాతం చేసింది, అమలు రాష్ట్రాలని బట్టి. 400 కేవీ డబుల్ సర్క్యూట్ లైనుకి కారిడార్ 46 మీటర్ల వెడల్పు. ఆ వెడల్పులో ఇల్లు కట్టలేరు, కొబ్బరి, టేకు పెంచలేరు. ఎకరం రెండెకరాల రైతుకి అది పెద్ద దెబ్బ.

అవతలి దేశంలో రేట్లు వేరు, పద్ధతి వేరు. కానీ సరిహద్దు ఊళ్ళలో జనం వేరు కాదు. మేనరికాలు, వియ్యాలు గీత దాటి ఉంటాయి. సోమవారం అవతల ఒకరికి చెక్కు ఇస్తే మంగళవారం ఇవతల టీ కొట్టు దగ్గర అంకె చెప్పుకుంటారు. "మా బావమరిదికి అంత వచ్చిందట, మాకెందుకు ఇంతే?" అని గ్రామసభలో ఒక పెద్దాయన లేచి అడిగాడు. మా టీమ్‌లో ఒక్కరి దగ్గరా సమాధానం లేదు. అవతలి ఎంటైటిల్‌మెంట్ మ్యాట్రిక్స్ (ఏ నష్టానికి ఎవరికి ఎంత ఇస్తారో చూపే పట్టిక) మేం చదవనే లేదు. ఆ ఊళ్ళో పని ఎనిమిది నెలలు ఆగింది. రెండు దేశాల రేట్లు ఒకటి చెయ్యడం మీ చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు. కానీ రెండు మ్యాట్రిక్సులూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ తేడా ఉందో, ఎందుకుందో రెండు టీములూ కలిసి ఒక పేజీ రాసుకుని, అదే మాట రెండు వైపులా చెప్పాలి. ఆయనకి కావలసింది కూడా అంతే, లెక్క ఏమిటో ఎవరైనా మర్యాదగా కూర్చుని చెప్పడం.

కౌలు రైతుల్ని మర్చిపోకండి. మన రికార్డుల్లో పట్టాదారు పేరే కనిపిస్తుంది. పంట వేసినవాడు ఎవరో అడంగల్‌లో కూడా చాలాసార్లు ఉండదు. పోరంబోకులో ఇరవై ఏళ్ళుగా గుడిసె వేసుకున్నవాళ్ళకి మన చట్టం ప్రకారం భూమి విలువ రాకపోవచ్చు, కానీ బ్యాంకు విధానంలో పట్టా లేనివాళ్ళకి కూడా పోయిన ఇంటికీ, పంటకీ, జీవనాధారానికీ పరిహారం ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఖాళీని డీపీఆర్ బడ్జెట్‌లోనే పెట్టాలి. కట్-ఆఫ్ తేదీ (ఆ తర్వాత వచ్చి చేరినవాళ్ళకి పరిహారం ఉండదనే తేదీ) రెండు వైపులా ఒకేసారి, ఊళ్ళో అందరికీ తెలిసేలా ప్రకటించాలి. సంప్రదింపుల సమావేశం పొద్దున్న పదింటికి పెడితే కూలికి వెళ్ళే ఆడవాళ్ళెవరూ రారు. సాయంత్రం పెట్టండి, మీలాంటి ఆడపిల్ల ఇంజనీరు ముందు కూర్చుంటే వాళ్ళు నోరు విప్పుతారు. చెట్టు ఎవరిదో, బావి ఎవరు వాడతారో నాకు నిజం చెప్పింది ఎక్కువగా ఆడవాళ్ళే.

డబ్బు సంగతి క్లుప్తంగా. అప్పు సంతకం అయ్యాక వాడని మొత్తం మీద కమిట్‌మెంట్ ఛార్జీ పడుతుంది. ఏడీబీ మామూలు అప్పుల్లో ఏడాదికి 0.15 శాతం. 10 కోట్ల డాలర్ల అప్పు ఏడాదిపాటు కదలకపోతే ఆ లెక్కన లక్షా యాభై వేల డాలర్లు. శాతం చిన్నదే. కానీ మీ వైపు ఆలస్యానికి ఆ ఛార్జీ కట్టేది అవతలి దేశపు ఖజానా, అదీ మనకంటే చిన్న ఖజానా. ఈ ఒక్క కారణానికైనా మీ వైపు పనిని మీ వరకే చూసుకోకూడదు అంటాను.

కాలెండరు కూడా వెనక్కి లెక్కపెట్టాలి. ఏడీబీ 2009 విధానంలో పర్యావరణం కింద 'కేటగిరీ ఏ' (ఎక్కువ ప్రభావం ఉండే) ప్రాజెక్టు అయితే ముసాయిదా ఈఐఏని (పర్యావరణ ప్రభావ అంచనాని) బ్యాంకు బోర్డు ముందుకి వెళ్ళడానికి కనీసం 120 రోజుల ముందు బయట పెట్టాలి. దానికి ముందు వానాకాలం, ఎండాకాలం బేస్‌లైన్ డేటా (పని మొదలవకముందు ఉన్న పరిస్థితి వివరాలు) కావాలి. ఒక సీజన్ తప్పితే ఏడాది పోయినట్టే. 2026 నుంచి ఏడీబీకి కొత్త ఫ్రేమ్‌వర్క్ వచ్చింది కాబట్టి, మీ ప్రాజెక్టుకి ఏది వర్తిస్తుందో అవతలి టీమ్‌ని ముందే రాతపూర్వకంగా అడగండి. ప్రాజెక్టులో హైడ్రో, ఎత్తిపోతల లాంటివి ఉంటే ప్రపంచ బ్యాంకు ఓపీ 7.50 (అంతర్జాతీయ జలాల విధానం) కింద నది పంచుకునే దేశాలన్నిటికీ ముందస్తు సమాచారం ఇవ్వాలి, వాళ్ళ సమాధానానికి మామూలుగా ఆరు నెలల దాకా గడువిస్తారు. మీ లైనుకి ఇది రాకపోవచ్చు, మీరు తర్వాత చేసే పనులకి గుర్తుంచుకోండి.

ఆర్థిక విశ్లేషణలో ఒక చిక్కు ఉంది. ఏడీబీ మామూలుగా 9 శాతం ఆర్థిక రాబడి రేటు చూస్తుంది. రెండు దేశాలూ కలిపి లెక్కిస్తే అది దాటిపోతుంది. విడగొట్టి చూస్తే ఒక దేశానికి ఖర్చు ఎక్కువ, లాభం తక్కువగా తేలవచ్చు. ఆ దేశం ఆర్థిక శాఖ అప్పుడు ఎందుకు సంతకం పెడుతుంది? వీలింగ్ ఛార్జీ (లైను వాడుకున్నందుకు కట్టే రుసుము), కరెంటు ధర, లైన్ లాస్ (దారిలో పోయే కరెంటు) ఎవరి ఖాతా అనే ఒప్పందాల ద్వారానే ఆ తేడా సర్దుబాటవుతుంది. 2024 అక్టోబరులో నేపాల్, ఇండియా, బంగ్లాదేశ్ కుదుర్చుకున్న 40 మెగావాట్ల ఒప్పందంలో కొలత ముజఫర్‌పూర్ పాయింట్‌లో అని పెట్టుకున్నారు. అంటే ఢల్కేబర్ నుంచి అక్కడిదాకా పోయే లాస్ అమ్మేవాళ్ళది. మన ఊత్తుకోట జీరో పాయింట్ ఆలోచనే అది. మీ డీపీఆర్‌లో మీటరు ఎక్కడ పెడుతున్నారో రాశారా?

రాజకీయాలు మన చేతిలో ఉండవు, అయినా డిజైన్‌లో వాటికి చోటివ్వాలి. మధ్య ఆసియాలోని కాసా-1000 లైను 1,300 మెగావాట్ల కిర్గిజ్, తజిక్ జలవిద్యుత్తును అఫ్గానిస్తాన్‌కీ, దాని మీదుగా పాకిస్తాన్‌కీ తీసుకెళ్ళాలి. 2021 ఆగస్టు తర్వాత మధ్యలోని అఫ్గాన్ భాగం కొన్నేళ్ళపాటు ఆగింది, మిగతా దేశాల పని సాగింది. మధ్య భాగం లేకపోతే కొసల్లో కట్టినది దేనికి పనికొస్తుంది అన్నది ముందే ఆలోచించి ఉంచాల్సిన ప్రశ్న. ఆఫ్రికాలో కజుంగుల వంతెన దీనికి ఇంకో పార్శ్వం. బోట్స్వానా, జాంబియాలు జాంబెజీ నది మీద ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు, జైకా (జపాన్ సహాయ సంస్థ) డబ్బుతో కట్టుకున్నాయి. జింబాబ్వే నేలని తాకకుండా 923 మీటర్ల వంతెనని వంపు తిప్పి, 2021లో తెరిచారు. తిన్నగా కట్టడం తేలికే, కానీ మూడో సంతకం కోసం ఆగాల్సి వచ్చేది. రోడ్ల విషయంలో కాగితం ఎంత ముఖ్యమో చెప్పడానికి 2015లో థింపూలో సంతకమైన బీబీఐఎన్ (బంగ్లాదేశ్, భూటాన్, ఇండియా, నేపాల్) వాహన ఒప్పందం చాలు. భూటాన్ ఎగువ సభ ఆమోదించకపోవడంతో ఆ దేశం వరకు అది అమల్లోకి రాలేదు.

మీ టీమ్ లీడర్ గారితో వాదనకి దిగొద్దు. ఆయన మీద కూడా గడువు ఒత్తిడి ఉంటుంది, టీఓఆర్‌లో లేని పనికి ఎవరూ డబ్బివ్వరు. ఆయన దగ్గరికి ఒక పేజీ తీసుకెళ్ళండి. అందులో ఆఖరి స్పాన్ బాధ్యత ఎవరిది, డేటమ్ ఏది, రిలేలు ఎవరు కొంటారు, మీటరు ఎక్కడ, అవతలి బే తేదీ ఏది, పరిహారం తేడా ఎంత, ఈ ఆరు ప్రశ్నలు రాసి, పక్కన సమాధానం ఉందో లేదో టిక్ పెట్టండి. ఖాళీగా ఉన్న గళ్ళు చూస్తే ఆయనే అవతలి కన్సల్టెంట్‌కి మెయిల్ పెడతారు. జాయింట్ మీటింగ్ పెట్టించగలిగితే, ఆ రోజే మినిట్స్ రాసి, ఇరువైపులా సంతకం చేయించి ఇంటికి వెళ్ళండి. మర్నాటికి వాయిదా వేస్తే అది రెండు నెలలు పడుతుంది.

ఈ వారంలో అవతలివాళ్ళ అలైన్‌మెంట్ కోఆర్డినేట్లు తెప్పించి, మీవి, వాళ్ళవి ఒకే మ్యాపు మీద వేసి చూడండి. ఆ చివరి రెండు టవర్ల మధ్య ఎంత ఎడం వచ్చిందో ఇక్కడ రాయండి, దాన్నిబట్టి మిగతాది మాట్లాడుకుందాం.